అడీనియమా, దేవగన్నేరా: మన ఎండకు ఏది మేలు?

మా మిద్దె మీది కుండీలు చూసినవాళ్లు అడిగేది ఒకటే: అడీనియం (ఎడారి గులాబీ, మొదలు ఉబ్బి ఉండే పూల మొక్క) పెట్టుకుంటే మంచిదా, దేవగన్నేరా? రెండూ పాలు కారేవే, చలికాలంలో ఆకు రాల్చేవే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడటమే గగనమైన అనంతపురంలో ఎండకు రెండూ జంకవు.

కాబట్టి ఎండను బట్టి ఎంచుకోనక్కర్లేదు. ఆకు రాలిన రోజులే అసలు పరీక్ష. డిసెంబరు, జనవరిలో మోడును చూసి ఎండిపోతోందని ఇంట్లో తలా ఒక చెంబు పోస్తారు. ఆకు లేనప్పుడు వేరు నీళ్లు పెద్దగా పీల్చుకోదు, మన్ను తడి ఆరక కుళ్లు పడుతుంది. అడీనియం నాకు నచ్చేది ఇక్కడే. ఉబ్బిన మొదలును బొటనవేలితో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే నీళ్లు వద్దు. మన్ను పొడిగా ఉండి మొదలు కాస్త మెత్తబడితే దాహం. మన్ను తడిగా ఉన్నా వేలు దిగబడుతుంటే కుళ్లు. వెంటనే పెరికి, శుభ్రమైన కండ కనిపించేదాకా కోసి, పసుపు అద్ది, నీడలో వారం ఆరబెట్టి నాటితే చాలాసార్లు దక్కుతుంది. దేవగన్నేరు మొదలు చెక్కబారుతుంది, నొక్కితే ఏమీ తెలియదు. కొమ్మ నల్లబడి మెత్తబడేసరికి ఆలస్యమైపోతుంది.

అడీనియం కుండీకి ఎర్రమన్నులో ముతక ఇసుక, ఇటుక ముక్కలు బాగా కలపండి. ఫిబ్రవరి చివర్లో కొమ్మలు కత్తిరిస్తే కొత్త చిగుళ్ల కొసన మొగ్గలేస్తుంది. గులాబీలు మాడిపోయే ఏప్రిల్, మే నెలల్లో అడీనియం నిండుగా పూస్తుంది. కొనేటప్పుడు విత్తనం మొక్కో, కొమ్మ నాటినదో అడగండి. కొమ్మ నాటి పెంచినదానికి అంత అందమైన మొదలు రాదు.

సొంత పెరడు, ఎర్రగరప నేల ఉన్నవాళ్లకు మాత్రం దేవగన్నేరే చెబుతాను. కొమ్మ కోసి, పాలు ఆరేదాకా వారం పది రోజులు పక్కన పెట్టి నాటితే చాలు, ఖర్చే లేదు. ఆ వాసన అడీనియంకు ఎక్కడిది? వానాకాలంలో ఆకు అడుగున నారింజ రంగు పొడిలా తుప్పు తెగులు వస్తుంది, ఆ ఆకులు ఏరి పారేయాలి. కర్నూలు, నంద్యాల వైపు నల్లరేగడిలో అయితే గట్టు కట్టి ఎత్తుగా నాటండి.



అడీనియం, దేవగన్నేరు రెండింటి పాలూ మంచివి కావు. కత్తిరించాక చేతులు కడుక్కోండి, పసిపిల్లలకు అందనివ్వకండి. రోజుకు ఐదారు గంటల ఎండ పడని వరండా అయితే రెండూ వద్దు, పూయవు.