కాణిపాకం కోనేటి గట్టున బాబీ జోన్స్

మా మావయ్యతో తిరుపతి వెళ్తే రెండింటికి సిద్ధపడాలి. రూము, కాఫీ, డ్రైవరు, దేనికైనా ఆయన గోల్ఫ్ లెక్కలో మార్కులు వేస్తారు, అది ఒకటి. ఎక్కడో ఒకచోట బాబీ జోన్స్ అనే పాతకాలపు గోల్ఫ్ ఆటగాడి కథ మొదలవుతుంది, అది రెండోది. ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు, హైదరాబాద్‌లో ముప్పై ఏళ్ళుగా ఆదివారం పొద్దున్నే గోల్ఫ్ ఆడతారు, మా అత్తయ్య మాటల్లో చెప్పాలంటే "గడ్డిలో బంతి వెతుక్కోడానికి" వెళ్తారు. తెలియనివాళ్ళకి ఒక ముక్క చెప్తాను. ఒక్కో గుంతలో బంతి ఇన్ని దెబ్బల్లో పడాలని పెట్టిన లెక్క పార్, ఒకటి తగ్గితే బర్డీ, ఒకటి ఎక్కువైతే బోగీ. ఈ మూడు మాటలు వస్తే ఆయనతో ఏ ఊరైనా తిరిగి రావచ్చు.

ఆలస్యంగా మేలుకోవడం వల్ల బస్టాండు ఎదురుగా ఉండే శ్రీనివాసంలో గానీ, రైల్వే స్టేషన్ ఎదుటి విష్ణు నివాసంలో గానీ మాకు గది దొరకలేదు, తప్పు మాదే. ముందే బుక్ చేసుకునే అలవాటున్నవాళ్ళు ఆ దేవస్థానం గదులకే ప్రయత్నించండి. మేము ఆన్‌లైన్‌లో ఫోటోలు చూసి ఒక ప్రైవేటు లాడ్జి తీసుకున్నాం, రోజుకి 1,800. ఫోటోలో కిటికీ ఉంది, గదిలో కిటికీ తెరిస్తే చేతికందేంత దూరంలో పక్క బిల్డింగు గోడ ఉంది. వేడినీళ్ళు 5 నుంచి 7 వరకే అన్న కాగితం బాత్రూం తలుపుకి లోపలివైపు అంటించారు, అది కనపడేసరికి నేను ఒళ్ళంతా సబ్బు రాసుకుని ఉన్నాను. "డబుల్ బోగీ" అన్నారు మావయ్య బయటనుంచి. ఖాళీ చేసేటప్పుడు బిల్లులో రాత్రి తెప్పించుకున్న రెండు ప్లేట్ల ఇడ్లీ వేయలేదు. వేడినీళ్ళకి చెల్లు, వదిలేయండి మావయ్యా అన్నాను. ఆయన కౌంటరు కుర్రాడితో ఆ ఇడ్లీలు రాయించి, డబ్బులిచ్చి వచ్చి, "వాళ్ళ స్కోరు వాళ్ళది, మన స్కోరు మనదిరా" అన్నారు. నాకైతే ఒళ్ళు మండింది.

అలిపిరి నుంచి నడక. సంచులు కింద కౌంటర్లో ఇచ్చేస్తే పైసా తీసుకోకుండా కొండ మీదికి చేరుస్తారు, ఈ ఒక్క ఏర్పాటుకి మావయ్య బర్డీ ఇచ్చారు, నేనైతే ఇంకా ఎక్కువే ఇస్తాను. మొత్తం 3,550 మెట్లు, దగ్గర దగ్గర తొమ్మిది కిలోమీటర్లు, అందులో గాలిగోపురం దాకా ఉన్న ఎక్కుడే ప్రాణం తీస్తుంది. మా ముందు ఒకావిడ ప్రతి మెట్టుకీ వంగి పసుపు కుంకుమ పెడుతోంది, ఆవిడ మమ్మల్ని దాటిపోయింది. మావయ్య దగ్గర స్కోరుకార్డుతో పాటు ఇచ్చే పొట్టి పెన్సిల్ ఒకటి ఎప్పుడూ జేబులో ఉంటుంది, ఆగిన ప్రతిసారీ టికెట్టు వెనక ఒక గీత గీసేవారు. ఆయాసం దాచుకోవాలంటే కథ చెప్పడమే మార్గం కాబట్టి ఏడు గీతల తర్వాత బాబీ జోన్స్ దిగాడు.

1902లో అమెరికాలో, అట్లాంటాలో పుట్టాడు. ఇంజనీరింగ్ చదివాడు, తర్వాత హార్వర్డ్‌లో ఇంగ్లీషు సాహిత్యం, ఆ పైన లా, వృత్తి వకీలు. గోల్ఫ్‌లో పోటీలన్నీ అమెచ్యూర్‌గానే ఆడాడు, అంటే బహుమతి డబ్బు తీసుకోకుండా, అయినా డబ్బు కోసం ఆడే మహామహుల్ని ఓడించాడు. చిన్నప్పుడు కోపం ముక్కు మీదే ఉండేది. 1921లో స్కాట్లాండులో సెయింట్ ఆండ్రూస్‌లో ఓపెన్, అంటే అమెచ్యూర్లూ డబ్బు కోసం ఆడేవాళ్ళూ కలిసి ఆడే పోటీ, ఆడుతూ ఇసుక గుంటలోంచి బంతి బయటికి రాక, చిరాకేసి బంతి తీసి జేబులో వేసుకున్నాడు, అంటే పోటీ వదిలేశాడు. అదే ఊళ్ళో 1927లో ఓపెన్ గెలిచాడు. 1930లో బ్రిటన్, అమెరికా దేశాల ఓపెన్లు రెండూ, అమెచ్యూర్ పోటీలు రెండూ, నాలుగింటికి నాలుగూ ఒకే ఏడాదిలో గెలిచి, 28 ఏళ్ళకే పోటీలు మానేశాడు. తర్వాత అగస్టాలో కోర్సు కట్టించడంలో ముందు నిలిచాడు, 1934 నుంచి మాస్టర్స్ అనే పెద్ద పోటీ జరుగుతున్నది అక్కడే. చివర్లో వెన్నుపాము జబ్బు వచ్చి చక్రాల కుర్చీకి పరిమితమై 1971లో పోయాడు. మన దేశంలో కూడా బిల్లూ సేథీ అని ఒకాయన అమెచ్యూర్‌గా ఉండి 1965లో ఇండియన్ ఓపెన్ గెలిచాడట, ఇది మావయ్య మోకాళ్ళ పర్వతం దగ్గర చెప్పారు, అప్పటికి నాకు గోవిందా తప్ప ఏదీ చెవికెక్కడం లేదు.

దర్శనం బాగా జరిగింది, అంతకు మించి రాయను.

మర్నాడు 3,200కి కారు మాట్లాడుకున్నాం. చంద్రగిరి కోట మంచి చోటు, రాజమహల్లో కర్ర వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో అంత కట్టడం ఎలా లేపారో చూడాల్సిందే. శుక్రవారం మాత్రం పెట్టుకోకండి, మ్యూజియం మూసి ఉంటుంది. దారిలో ఒక పాక హోటల్లో రాగిసంగటి, చెనిక్కాయల ఊరిబిండి తిన్నాం. చేతికి అంటుకోకుండా ముద్ద చేయడం నాకు రాలేదు, వడ్డించే పెద్దాయన నా వేళ్ళు చూసి, ఏమీ అనకుండా గిన్నెతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టాడు. వేళ్ళు తడిపి ముద్ద తీయాలట. మావయ్య మార్కు వేయడం కూడా మర్చిపోయి తిన్నారు.

కాణిపాకం తిరుపతి నుంచి డెబ్బై కిలోమీటర్ల లోపే. చిత్తూరు వైపు ఎవరి మాటైనా నమ్మకపోతే "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా" అంటారు. కోనేట్లో మునిగి వినాయకుడి ముందు అబద్ధం చెప్పే ధైర్యం ఎవడికీ ఉండదని నమ్మకం. మా డ్రైవరు ఈ సంగతి చెప్తూనే పార్కింగు, టోలు అని ఇంకో నాలుగు వందలు అడిగాడు. అన్నీ కలిపే మాట్లాడుకున్నాం కదా అంటే, అన్నాను అన్నాడు, లేదన్నాడు, మళ్ళీ అన్నానేమో అన్నాడు.

దర్శనం అయ్యాక కోనేటి గట్టున కూర్చున్నాం. నేను చాలాసార్లు విన్న కథ మళ్ళీ చెప్పారు. 1925 యూఎస్ ఓపెన్, మొదటి రౌండు, పదకొండో గుంత. పొడవు గడ్డిలో ఉన్న బంతి పక్కన జోన్స్ క్లబ్బు, అంటే కొట్టే కర్ర, ఆనించగానే బంతి ఇంత కదిలింది. మరెవరూ చూడలేదు. తనే చెప్పి, వద్దని నచ్చజెప్పినా వినకుండా, తన స్కోరులో జరిమానాగా ఒక దెబ్బ కలిపించుకున్నాడు. చివరికి స్కోరు సమానమై, మళ్ళీ ఆడి, అదీ సమానమై, ఇంకోసారి ఆడి ఒకే ఒక్క దెబ్బ తేడాతో విల్లీ మెక్‌ఫార్లేన్ చేతిలో ఓడిపోయాడు. ఆ నిజాయితీని మెచ్చుకుంటే, బ్యాంకు దోచుకోలేదని పొగిడినట్టుంది అన్నాడట జోన్స్. ఇక్కడ మావయ్య ఎప్పుడూ నవ్వుతారు, బ్యాంకు మనిషి కదా. ఈసారి నవ్వలేదు.

"నాది కూడా కదిలిందిరా" అన్నారు. "క్లబ్బు పోటీలో. పదిహేనేళ్ళయింది. నేను చెప్పలేదు. ఒక్క దెబ్బ తేడాతో గెలిచాను."

ఏమనాలో తెలీక కొబ్బరిచిప్ప చేతిలో తిప్పుతూ కూర్చున్నాను. ఆ ఇడ్లీల బిల్లు గుర్తొచ్చింది. ఆ కప్పు నాకు తెలుసు, హాల్లో టీవీ పక్కన ఉంటుంది, అత్తయ్య అందులో రబ్బరు బ్యాండ్లు, కరెంటు బిల్లులు పెడుతుంది. దాన్నెందుకు ఎవరూ తుడవరా అని చాలాసార్లు అనుకున్నాను.

తిరుగు దారిలో డ్రైవరు ఆ నాలుగు వందల మాట ఎత్తలేదు. దిగాక మావయ్య 3,200 లెక్కపెట్టి ఇచ్చారు, పెన్సిల్ తీశారు గానీ ఏమీ రాయలేదు. నన్నడిగితే కారు బోగీ, డ్రైవింగు పార్, ఏసీ మాత్రం బాగా పనిచేసింది.