యమహా పసిఫికా 012: మొదటి ఎలక్ట్రిక్ గిటార్‌గా రెండేళ్ళ వాడకం

మా మేనకోడలు పన్నెండేళ్ళ వయసులో ఎలక్ట్రిక్ గిటార్ నేర్చుకుంటానని పట్టుబడితే, ఆన్‌లైన్‌లో ఒక కాంబో ప్యాక్ తెప్పించాము. గిటార్, అరచేతిలో ఇమిడే యాంప్ (గిటార్ ధ్వనిని పెంచి వినిపించే పెట్టె), కేబుల్, సంచీ, పిక్కులు అన్నీ ఒకే పెట్టెలో వచ్చాయి. చూడటానికి ముచ్చటగానే ఉంది గానీ, ఒక పాట పూర్తయ్యేసరికి తీగలు శ్రుతి దిగిపోయేవి, ఫ్రెట్ల (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్ల) అంచులు చేతికి గీసుకునేవి, మొదటి ఫ్రెట్ దగ్గర తీగ ఎంత ఎత్తుగా ఉండేదంటే చూపుడువేలితో తీగలను అడ్డంగా పట్టాల్సిన ఎఫ్ కార్డ్ నొక్కడానికి నాకే బలం చాలేది కాదు. మూడు నెలల పాటు ఆ పిల్ల లోపం తన వేళ్ళలోనే ఉందనుకుంది. ఆ కంపెనీ పేరుతో ఇక్కడ పని లేదు. అటువంటి పెట్టెలు చాలా పేర్లతో దొరుకుతున్నాయి.

ఆ గిటార్‌లోని తప్పును మొదట పట్టుకున్నది మా అమ్మ. ఆవిడకు గిటార్ గురించి ఏమీ తెలియదు, కానీ నలభై ఏళ్ళుగా బొబ్బిలి వీణ వాయిస్తోంది. గిటార్‌ను ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, రెండు మెట్ల మీద మీటి చూసి, "మేళం కుదరని వాయిద్యం చేతికిచ్చి పిల్ల వేళ్ళని తప్పు పడతావేంట్రా?" అని నన్ను అడిగింది. వీణ మెట్లను మైనం మీద సరైన ఎత్తులో, సరైన స్థానంలో కూర్చడాన్ని మేళం కట్టడం అంటారు. గిటార్‌లో ఫ్రెట్లు కదలవు కాబట్టి ఆ పని నట్‌లోని (మెడ చివర తీగలు ఆనే పట్టీలోని) గాళ్ళ లోతు, బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే భాగం) ఎత్తు, మెడ వంపును సరిచేసేందుకు లోపల ఉండే ట్రస్ రాడ్ అనే కడ్డీ బిగింపు, ఈ మూడింటి మీద ఆధారపడుతుంది. మూడింటినీ కలిపి గిటార్ వాళ్ళు సెటప్ అంటారు. రంగు, ఆకారం, ఎవరో పెద్ద కళాకారుడు అదే వాడతాడన్న మాట, ఇవన్నీ దీని తర్వాతే.

రెండో కొనుగోలుకు విశాఖపట్నంలోని ఒక దుకాణానికి స్కేలు పట్టుకుని వెళ్ళాను. షాపతను నవ్వాడు, కానీ అడ్డు చెప్పలేదు. ఏ గిటార్ అయినా కొనేవారు చేయదగిన పరీక్షలు రెండున్నాయి. మొదటిది, అన్నిటికంటే లావైన ఆరో తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టి, మొదటి ఫ్రెట్‌కూ తీగకూ మధ్య సందు చూడాలి. అది వెంట్రుక మందంలో ఉంటే నట్ సరిగా కోసినట్టే, కాగితాల దొంతర పట్టేంత ఉంటే ఎఫ్ లాగా ఒకే వేలిని అడ్డంగా పరిచి పట్టే బార్ కార్డ్‌లు నేర్చుకోవడం నరకమవుతుంది. రెండోది పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు, అంటే యాక్షన్. ఆరో తీగ కింద సుమారు 2 మి.మీ., మొదటి తీగ కింద సుమారు 1.6 మి.మీ. ఉంటే నేర్చుకునేవారికి హాయిగా ఉంటుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చే గిటార్లు సాధారణంగా దీనికంటే కొంచెం ఎత్తుగానే ఉంటాయి కనుక, ఎంత మంచి బ్రాండ్ కొన్నా సెటప్‌కు కొంత డబ్బు విడిగా పక్కన పెట్టుకోవాలి.

ఆ రోజు చూసిన నాలుగింటిలో నట్ పరీక్షలోనూ, ఫ్రెట్ల అంచుల నునుపులోనూ నిలిచింది యమహా పసిఫికా 012. మేము కొన్నప్పటి ధర ఇరవై వేల రూపాయల చుట్టుపక్కల ఉంది. పసిఫికా శ్రేణి 1990 నుంచీ ఉంది. 012 అందులో కింది మెట్టు. మెడ మేపుల్ కర్రది, 22 ఫ్రెట్లు, స్కేలు పొడవు (నట్ నుంచి బ్రిడ్జి దాకా తీగ పొడవు) 648 మి.మీ., నట్ దగ్గర వెడల్పు 41 మి.మీ. మామూలు అకూస్టిక్ గిటార్ మెడ నట్ దగ్గర సుమారు 43 మి.మీ. ఉంటుంది. రెండు మిల్లీమీటర్ల తేడా కాగితం మీద చిన్నదే గానీ, చిన్న చేతులకు ఆ తేడా మొదటి గంటలోనే తెలుస్తుంది.

ఈ గిటార్‌ను నేను మెచ్చడానికి ముఖ్య కారణం పికప్‌ల (తీగ కంపనాన్ని విద్యుత్తుగా మార్చే అయస్కాంతపు చుట్టల) అమరిక. మెడ దగ్గర, నడుమ సింగిల్ కాయిల్ పికప్‌లు, బ్రిడ్జి దగ్గర హంబకర్, వీటిని ఎంచుకోవడానికి ఐదు స్థానాల స్విచ్. సింగిల్ కాయిల్ స్వరం తేటగా, గంట మోగినట్టు ఉంటుంది, కానీ ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ గుంయ్‌మనే హోరును కూడా పట్టుకుంటుంది. రెండు కాయిల్స్‌ను ఎదురెదురుగా చుట్టి ఆ హోరును ఒకదానితో ఒకటి కొట్టివేసేలా చేయడమే హంబకర్ కిటుకు. 1955లో గిబ్సన్ సంస్థలో సెత్ లవర్ దీనిని రూపొందించాడు. మాది పాత ఇల్లు, ఎర్తింగ్ అంతంతమాత్రం. స్విచ్ మెడ వైపు ఉంటే యాంప్ మూలుగుతుంది, వేళ్ళు తీగల మీద ఆనగానే ఆ మూలుగు తగ్గుతుంది, బ్రిడ్జి వైపుకు మారిస్తే దాదాపు వినబడదు. ఏ రకం సంగీతం ఇష్టమో ఇంకా తేల్చుకోని పిల్లలకు రెండు రకాల పికప్‌లూ ఒకే చెక్క మీద ఉండటం పెద్ద సౌకర్యం.

గమకం సంగతి కూడా చెప్పాలి. సెటప్ అయిన పసిఫికాను మా అమ్మ మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని, ఏడో ఫ్రెట్ దగ్గర తీగను పక్కకు లాగి, యాంప్‌లోంచి స్వరం సాగుతూ రావడం విని, మారు మాట్లాడకుండా తోడి వర్ణం ఎత్తుగడ వెతకడం మొదలుపెట్టింది. సన్నని తీగలు, ఆగకుండా సాగే ధ్వని ఉన్నప్పుడు గమకానికి చోటు దొరుకుతుంది. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద దానిని లోకానికి వినిపించారు కూడా. కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్న పిల్లలకు ఎలక్ట్రిక్ గిటార్ పరాయిదేమీ కాదని నా అభిప్రాయం.

ఇక ఇబ్బందులు. దీని బ్రిడ్జి ట్రెమెలో రకానిది, అంటే వెనక స్ప్రింగుల మీద ఆనుకుని, చేతికర్రతో (బ్రిడ్జికి తగిలించే కడ్డీతో) వంచితే స్వరం ఊగుతుంది. ఈ రకం బ్రిడ్జి ఏ గిటార్ మీద ఉన్నా, ఎడాపెడా ఊపితే శ్రుతి నిలవదు. నేర్చుకునేవారికి మొదటి ఏడాది దానితో పనే ఉండదు కాబట్టి, మేము చేతికర్ర తీసేసి, వెనక మూత విప్పి స్ప్రింగుల మరలు బిగించి, బ్రిడ్జిని చెక్కకు ఆన్చేశాము. ఆ తర్వాత శ్రుతి రోజుల తరబడి నిలుస్తోంది. వాల్యూమ్, టోన్ బటన్లు ఒక్కొక్కటే ఉన్నాయి, హంబకర్‌ను సింగిల్ కాయిల్‌గా విడగొట్టే సదుపాయం లేదు. అది కావాలంటే పై మెట్టు 112వి తీసుకోవాలి, కానీ మొదటి గిటార్‌కు ఆ అదనపు డబ్బును యాంప్ మీద పెట్టడం మేలు.

యాంప్‌కు పది వాట్లు చాలు. అపార్ట్‌మెంట్‌లో అదే ఎక్కువ. హెడ్‌ఫోన్ జాక్ మాత్రం తప్పనిసరి. ఇంట్లో ఉన్న హోమ్ థియేటర్‌కు గిటార్‌ను నేరుగా తగిలిస్తే స్వరం పీలగా, ప్రాణం లేనట్టు వస్తుంది. ఆ యంత్రాలు ఈ పికప్‌ల కోసం చేసినవి కావు.

కేవలం తేట స్వరమే కావాలనుకునేవారు మూడు సింగిల్ కాయిల్స్ ఉన్న స్క్వైర్ సోనిక్ స్ట్రాటోకాస్టర్‌ను కూడా వాయించి చూడవచ్చు. చేయి మరీ చిన్నదైతే 628 మి.మీ. స్కేలు ఉండే లెస్ పాల్ తరహా గిటార్లలో తీగ బిగువు తక్కువగా ఉంటుంది, బరువు మాత్రం ఎక్కువ. తీగలను మరలతో బంధించే ఫ్లాయిడ్ రోజ్ బ్రిడ్జి ఉన్న గిటార్‌ను, ఎంత చవకగా వచ్చినా, మొదటిసారి కొనకండి. ఒక్క తీగ మార్చితే మొత్తం శ్రుతి సరిచేయడానికి అరపూట పడుతుంది.

మా విశాఖ ఉప్పుగాలికి తీగలు నెల తిరగకుండానే తుప్పు పడతాయి, వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడిస్తే ఇంకో నెల వస్తాయి. కొత్త సెట్ కొనేటప్పుడు 9-42 అని (సన్నని, లావు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) అడగాలి, మందం మారితే బిగువు మారి సెటప్ మళ్ళీ చేయించాల్సి వస్తుంది. వానాకాలం మొదలైనప్పుడు మెడ కొద్దిగా వంగడం సహజమే. ట్రస్ రాడ్‌ను ఒకసారికి పావు చుట్టు మించి తిప్పకుండా, ఒక రాత్రి ఆగి చూడాలి. గిటార్‌తో పాటు వచ్చిన అలెన్ కీ ఇందుకే. మాది సంచీ జేబులో రబ్బరు బ్యాండ్‌తో కట్టి ఉంది.