ఆరేళ్ల కంపాస్: ఎర్ర కొన దక్షిణం చూపించిన రోజు

మా బావ అమెరికా నుంచి తెచ్చిచ్చిన కంపాస్ ఇది. ప్లాస్టిక్ పలక, ద్రవంలో తిరిగే ముల్లు, అందరికీ తెలిసిన రకమే. "బ్యాటరీ లేదు, సిగ్నల్ అక్కర్లేదు, చెడిపోవడానికి ఇందులో ఏముంది?" అని ట్రెక్కింగ్‌కి వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాణ్ణి. మొన్న చలికాలం నుంచి ఆ మాట అనడం మానేశాను.

వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలు, ఉదయం ఎనిమిది. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్ (ఎత్తుపల్లాలు చూపే మ్యాప్) ప్రింటు మోకాలి మీద పరిచి, రోడ్డుకి బేరింగ్, అంటే నడవాల్సిన దిక్కు, తీశాను. 1:50,000 షీటు మీద 3 సెంటీమీటర్లు, అంటే కిలోమీటరున్నర, తూర్పుకి. మ్యాప్‌లో ఎత్తుని చూపే కాంటూరు గీతలు దగ్గర దగ్గరగా ఉన్నాయి, అంటే ఎక్కుడు మొదలవ్వాలి. నేనేమో దిగుతూనే ఉన్నాను. ఎర్రమట్టిలో ఇనుము ముల్లుని లాగుతోందేమోనని పక్కకి జరిగి చూశాను. వాచీ తీసి చూశాను. అదే దిక్కు. అప్పుడు గమనించాను, వీపు చుర్రుమంటోంది. తూర్పుకి నడిచేవాడికి పొద్దుటెండ వీపు మీదెలా పడుతుంది? దీని మాట వింటే అక్కడ పుట్టిన మూసీ హైదరాబాద్ మానేసి పడమరనున్న తాండూరుకి పారాలి!

ముల్లు ధ్రువాలు తారుమారయ్యాయి, ఉత్తరం చూపాల్సిన ఎర్ర కొన దక్షిణం చూపిస్తోంది. నెలల తరబడి దాన్ని ఫోన్ పౌచ్‌లోనే పెట్టాను, ఆ పౌచ్ మూతకి అయస్కాంతం ఉంది. తప్పు నాదే, అయినా కోపం కంపాస్ మీదే. ఇంటికొచ్చాక అయస్కాంతం దక్షిణ ధ్రువంతో, పలక మీదుగానే, ముల్లు మధ్య నుంచి ఎర్ర కొన దాకా ఒకే వైపుకి పదిహేనుసార్లు రుద్దాను. దారికొచ్చింది.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. భూమి అయస్కాంతం ముల్లుని కిందికి లాగే తీరు చోటుని బట్టి మారుతుంది. ఇది అమెరికా అక్షాంశాలకి తూకం వేసిన ముల్లు కాబట్టి ఇక్కడ తెల్ల కొన కిందికి వాలుతుంది, పలకని కాస్త వంచి పట్టుకుంటే గానీ తిరగదు. కొనేవాళ్లు ఇక్కడి జోన్‌కి (ముల్లుని తూకం వేసిన ప్రాంతానికి) సరిపోయేదో కాదో అడగండి. డెక్లినేషన్ (అసలు ఉత్తరానికీ ముల్లు చూపే ఉత్తరానికీ తేడా) సర్దే స్క్రూ కోసం మాత్రం అదనంగా డబ్బు పెట్టక్కర్లేదు. హైదరాబాద్ చుట్టుపక్కల తేడా ఒక డిగ్రీ కూడా ఉండదు.

మళ్లీ కొంటానా? ఏడాదికి నాలుగైదుసార్లు, అదీ తెలిసిన కొండలకే వెళ్లే నాకు ఇది చాలు. ఒంటరిగా పెద్ద అడవుల్లోకి వెళ్లేవాళ్లకి ఏం చెప్పాలో తెలియదు. ప్రస్తుతం ఇది ఫోన్‌కి దూరంగా, పాత ప్లాస్టిక్ సబ్బుపెట్టెలో ఉంటోంది. బయల్దేరే రోజు పొద్దున్నే డాబా మీదికి తీసుకెళ్లి, సూర్యుడితో ఒకసారి సరిచూసుకుంటున్నాను.