కుకీ డో: వేయించిన మైదానా, ఓట్సా, పుట్నాల పిండా?

దసరా సెలవులకు మా చెల్లెలి కూతురు హన్మకొండకు వచ్చింది. నేను బిస్కెట్లకని మైదా, వెన్న, చక్కెర కలుపుతుంటే పక్కకు వచ్చి నిలబడింది. "పెద్దమ్మా, జర ఆ పిండి పెట్టవా? కాల్చకుండనే తింటరు దాన్ని, కుకీ డో అంటరు" అంటూ గిన్నెలో వేలు పెట్టబోయింది. చెయ్యి పట్టుకుని ఆపాను. "గుడ్డు వెయ్యలేదు కదా, ఏమైతది?" అని మూతి ముడుచుకుంది.

అడగాల్సిన ప్రశ్నే అది. మనలో చాలామంది భయం గుడ్డు దగ్గరే ఆగిపోతుంది. గుడ్డు లేకపోతే పిండిని నాకినా ఏం కాదనుకుంటాం. నేనూ అలాగే అనుకునేదాన్ని. చిన్నప్పుడు మా అమ్మ మైదా, చక్కెర, డాల్డా పట్టుకుని బేకరీకి పోయి బిస్కెట్లు చేయించేది. ట్రేల మీద పెట్టకముందే నేనూ మా చెల్లీ చెరో ముద్ద నోట్లో వేసుకునేవాళ్లం.

మైదా చూడటానికి తెల్లగా, పొడిగా, శుభ్రంగా ఉంటుంది కానీ అది పచ్చి వస్తువే. గోధుమ పొలంలో పండుతుంది, పశువులూ పక్షులూ తిరిగే చోట. మిల్లులో పిండి అవుతుందే తప్ప క్రిములు చచ్చేంత వేడి ఎక్కడా తగలదు. ఈ-కొలై, సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియా అందులో నెలల తరబడి బతికి ఉండగలవు. 2009లో అమెరికాలో ప్యాకెట్‌లో అమ్మే పచ్చి కుకీ పిండి తిని 70 మందికి పైగా ఈ-కొలైతో జబ్బు పడ్డారు. 2016లో అక్కడే మైదా వల్ల 60 మందికి పైగా పడ్డారు. కాల్చితే ఏ భయమూ లేదు. కానీ కుకీ డో అంటేనే కాల్చకుండా తినేది. అందుకే ఏ పిండితో చేస్తున్నామన్నదే ఇక్కడ అసలు సంగతి. ఆ సెలవుల్లో మూడు పిండులతో చేసి చూశాం.

ముందు వేయించిన మైదా. వీడియోల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. కడాయిలో కప్పు మైదా వేసి సన్నమంట మీద తిప్పుతూ ఉన్నాను. రెండు నిమిషాలకు అడుగున అంచుల్లో లేత గోధుమ రంగు మొదలైంది. నడుమ మాత్రం ఇంకా సున్నంలా తెల్లగానే ఉంది. గరిటె ఆపితే అడుగు మాడుతుంది, తిప్పితే పైది ఎగిరి స్టవ్ మీద పడుతుంది. ఎనిమిది నిమిషాలకు మంచి వాసన వచ్చింది. జల్లెడ పడితే చిన్న చిన్న ఉండలు మిగిలాయి. ఒకటి నలిపి చూస్తే లోపల పచ్చిగానే ఉంది. నాకు అనుమానం అక్కడే మొదలైంది.

నీళ్లలో ఉడుకుతుంటే తొందరగా చచ్చే క్రిములు పొడి పిండిలో ఉన్నప్పుడు వేడిని చాలాసేపు తట్టుకుంటాయి. పిండి మొత్తానికి ఒకేలా వేడి తగిలిందని మనకు తెలిసే దారి లేదు. మైక్రోవేవ్‌లోనూ ఒక చోట కాలిపోతుంది, ఇంకో చోట గోరువెచ్చగానే ఉంటుంది. థర్మామీటర్ పెట్టి 74 డిగ్రీలు వస్తే చాలని కొందరు చెప్తారు. ఆ లెక్క తడి ఉన్న ఆహారానికి సరిపోతుంది, పొడి పిండికి భరోసా ఇవ్వదు. అమెరికా ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా ఇంట్లో పిండిని వేడి చేసి క్రిములను చంపే ప్రయత్నం చెయ్యొద్దనే అంటుంది. మా అత్తమ్మ "మురుకుల పిండి లెక్క బట్టల మూటగట్టి ఆవిరి పట్టియ్యి" అంది. ఆవిరి పొడి వేడి కంటే మేలే, కానీ మూట నడుమ దాకా చేరిందో లేదో చెప్పలేం. పైగా పిండి గడ్డకట్టి మళ్లీ మిక్సీ పట్టాల్సి వస్తుంది.

రుచిలో మాత్రం మైదాదే మొదటి స్థానం, అందులో నాకు అనుమానం లేదు. నోట్లో వెన్నలా కరిగింది, బేకరీ వాసన వచ్చింది. అయినా పసిపిల్లలకూ, గర్భిణులకూ, పెద్ద వయసు వాళ్లకూ నేనైతే పెట్టను. అచ్చం ఆ రుచే కావాలంటే ఫ్యాక్టరీలో వేడి చేసిన పిండితో తయారై, కాల్చకుండా తినొచ్చని ప్యాకెట్ మీద రాసి ఉన్నదే కొనుక్కోండి.

ఓట్స్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. అటుకుల్లా చదునుగా ఉండే ఓట్స్‌ను ఫ్యాక్టరీలోనే ఆవిరి పట్టి నొక్కుతారు కాబట్టి పచ్చి మైదా అంత భయం లేదు. మిక్సీ పట్టి, కడాయిలో కాస్త వేయించి వాడాను. పాలు తెగ పీల్చుకుంటుంది. కలిపినప్పుడు మెత్తగా ఉన్న ముద్ద పది నిమిషాలకే బిగుసుకుంది, పళ్లకు అంటుకుంది. "ఇది పొద్దున తినే ఓట్సే కదా" అని పిల్ల గిన్నె పక్కకు జరిపింది.

ఇక పుట్నాల పిండి. పుట్నాలంటే శనగలను బాగా కాగిన ఇసుకలో వేయించి, పొట్టు తీసినవి. గింజగా ఉన్నప్పుడే వేడి లోపలి దాకా పోతుంది, పిండి అయ్యేది ఆ తర్వాతే. మైదా సంగతి దీనికి తలకిందులు, ముందు పిండి చేసి ఆ తర్వాత వేయించడానికి తిప్పలు పడతాం. మన బతుకమ్మ సత్తుపిండి చూడండి. నువ్వులు, పల్లీలు, పెసలు, ఏదైనా సరే ముందు వేయించి తర్వాతే దంచుతాం. పచ్చి పిండి దగ్గరికే పోం. ఇది గుర్తొచ్చాక నాకు సగం టెన్షన్ తగ్గింది.

రెండు జాగ్రత్తలు మాత్రం తప్పనిసరి. శనగపిండి, పుట్నాల పిండి ఒకటి కావు. బజ్జీలకు వాడే శనగపిండి పచ్చి పప్పును పట్టించింది, మైదాకున్న భయం దానికీ ఉంది. రెండోది, పుట్నాలను గిర్నీకి పంపకండి. అక్కడ మన కంటే ముందు ఎవరివో గోధుమలో, బియ్యమో, జొన్నలో పట్టి ఉంటారు. ఆ పచ్చి పిండి మన దాంట్లో కలుస్తుంది. ఇంట్లో మిక్సీలోనే పట్టి, శుభ్రంగా కడిగి ఆరబెట్టిన జల్లెడతో రెండుసార్లు జల్లించండి. ఒక్కసారే జల్లిస్తే నాలుకకు రవ్వ తగులుతుంది.

నెయ్యి, ఇలాచీ వేస్తే ఇది లడ్డూ అయిపోతుంది. కుకీ డో రుచి రావాలంటే ఉప్పు ఉన్న వెన్న, వెనిల్లా వాడాలి. బ్రౌన్ షుగర్ కోసం వెతకక్కర్లేదు. చక్కెర తీసేటప్పుడు విడిపోయే మొలాసిస్‌తోనే దానికి ఆ రంగూ రుచీ వస్తాయి, బెల్లంలో అది మొదటి నుంచీ ఉంటుంది. నా కొలత ఇది: పుట్నాల పిండి 1 కప్పు, బెల్లం పొడి అర కప్పు, మెత్తబడిన వెన్న 60 గ్రాములు, కాచి చల్లార్చిన పాలు 1 లేదా 2 పెద్ద చెంచాలు, వెనిల్లా అర చెంచా, సన్నగా తరిగిన చాక్లెట్ గుప్పెడు. సోడా, బేకింగ్ పౌడర్ వద్దు, కాల్చేది లేనప్పుడు అవి చేదు తప్ప ఏమీ ఇవ్వవు.

వెన్న, బెల్లం ముందు కలపాలి. చెంచాతో గిన్నె గోడకు రుద్దుతూ ఐదు నిమిషాలు కలిపితే రంగు తేలికపడి నురగలా అవుతుంది. అప్పుడే పిండి వెయ్యండి. పాలు ఒక్కో చెంచా. బొటనవేలితో నొక్కితే గుంట నిలవాలి, అంచు పగలకూడదు. పగిలితే ఇంకో అర చెంచా పాలు. చాక్లెట్ చివర్లో. ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టాక పుట్నాల వాసన వెనక్కి పోయి వెనిల్లా ముందుకొస్తుంది. చేసిన వెంటనే రుచి చూసి బాగాలేదని తేల్చెయ్యకండి.

ఓరుగల్లు ఎండల్లో, ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల్లో ముద్దను బయట ఉంచొద్దు, వెన్న కారిపోతుంది. పాలు కలిసింది కాబట్టి పాడవుతుంది కూడా. మూత గట్టిగా పెట్టి ఫ్రిజ్‌లో పెడితే నాలుగు రోజులు తినొచ్చు. పచ్చి మైదా ముద్దను ఫ్రిజ్‌లో పెడితే క్రిములు చస్తాయనుకునేవాళ్లూ ఉన్నారు. చావవు, పెరగడం నెమ్మదిస్తుందంతే.

సద్దుల బతుకమ్మ నాడు వెయ్యి స్తంభాల గుడికి బయలుదేరే ముందు అత్తమ్మకు ఒక ముద్ద ఇచ్చాను. కాసేపు నమిలి, "మలీద లెక్కనే ఉన్నది, గీ నల్ల ముక్కలొక్కటే కొత్త" అంది. పిల్ల మిగిలిన గిన్నె ఒళ్లో పెట్టుకుని గోడలకంటినది కూడా వేలితో తీసి తింది. ఈసారి నేను చెయ్యి పట్టుకోలేదు.