ఇంట్లో పాతకాలం కొలిమి: ఇత్తడి పోత మేలా, మూస ఉక్కు మేలా?

పెరట్లో ఓ మూల జాగా దొరికి కొలిమి పెట్టుకుందామనుకునేవాళ్లు చాలామంది ముందు ఉక్కు గురించే అడుగుతారు. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసలో, అంటే లోహం కరిగించే మట్టి గిన్నెలో, తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు అక్కడిదాకా వచ్చేవాళ్లని తెలిశాక ఎవరికైనా చేతులు ఊరుకోవు కదా. అయినా నా మాట వింటే ముందు ఇత్తడే పట్టండి, అదీ ఆదిలాబాద్ ఓజా కళాకారులు చేసే డోక్రా పద్ధతిలో, అంటే మైనం కరిగించి ఆ ఖాళీలో లోహం పోసే పద్ధతిలో.

అసలు తేడా వేడిలో ఉంది. ఇత్తడి దాదాపు 900 నుంచి 950 డిగ్రీల మధ్య కరుగుతుంది, ఇటుకల కొలిమి, కట్టెబొగ్గు, చిన్న బ్లోయర్ చాలు. ఉక్కు సంగతి వేరు. ఇనుప ముక్కలతో పాటు తంగేడు పుల్లలు, జిల్లేడు ఆకులు మట్టి మూసలో పెట్టి, మూత మెత్తి, ఆకుల్లోని కార్బన్ ఇనుములోకి ఎక్కి అది కరిగేదాకా 1400 డిగ్రీల దరిదాపుల్లో గంటల తరబడి నిలబెట్టాలి. మధ్యలో మూస పగిలిందా, రోజంతా పడ్డ కష్టం బూడిదలో కలుస్తుంది. ముద్ద చక్కగా వచ్చినా సాగగొట్టడం ఇంకో పరీక్ష, మామూలు ఇనుములా తెల్లగా కాల్చి సుత్తి వేస్తే పొడిపొడి అయిపోతుంది. అమెరికాలో అల్ పెండ్రే అనే కమ్మరి, జాన్ వెర్‌హోవెన్ అనే ప్రొఫెసర్ ఏళ్ల తరబడి కలిసి పనిచేస్తేగానీ ఈ ఉక్కుతో చేసిన పాత డమాస్కస్ కత్తుల మీది అలల గీతలకి ఉక్కులో లేశమంత ఉండే వెనేడియం లాంటి లోహాలు కారణమని తేలలేదు, 1998లో ఆ సంగతి ప్రచురించారు.

ఇత్తడి పోతలో తప్పు చేస్తే ఎక్కడ చేశామో మనకే తెలుస్తుంది, నాకు అది నచ్చుతుంది. ఊక కలిపిన మట్టితో లోపలి బొమ్మ చేసి ఎండబెట్టి, తేనెమైనంలో గుగ్గిలం కలిపి దారాల్లా తీసి దాని చుట్టూ చుట్టాలి. పైన మొదటి పూత జల్లించిన మెత్తటి మన్నే అయ్యుండాలి, గీతల నునుపంతా దాని మీదే ఆధారం, ఆ తర్వాత ముతక మట్టి పట్టించవచ్చు. వేడి చేస్తే మైనం కారిపోతుంది, ఆ ఖాళీలో ఇత్తడి పోస్తాం. నా మొదటి అచ్చుని ముసురు రోజుల్లో రెండు రోజులే ఆరబెట్టి పోశాను, లోపలి తడి ఆవిరై అచ్చు పగిలి కరిగిన ఇత్తడి నా కాలికి అడుగు దూరంలో పడింది. ఇప్పుడు వారం ఆరబెట్టి, పోసే ముందు అచ్చుని ఎర్రగా కాలుస్తాను. ఇంకో మాట, తెల్లటి పొగ లేస్తే అది ఇత్తడిలోని జింకు, పీలిస్తే రాత్రికి జ్వరం ఖాయం. ఆరుబయటే చేయండి, గాలి మీ వెనక నుంచి వీచేలా నిలబడండి.

గాలికి తోలు తిత్తా, బ్లోయరా? ఇత్తడికి ఒకసారైనా తిత్తితో చేసి చూడండి, ఊదే లయని బట్టి నిప్పు రంగు మారడం చేతికి తెలుస్తుంది, కాకపోతే ఇంకో మనిషి తోడుండాలి. ఉక్కుకి మాత్రం మొహమాటం లేకుండా బ్లోయరే వాడండి.

ఓ పది అచ్చులు పగలకుండా దిగాక, మట్టి మూస ఒకటి చేసి ఏమీ వేయకుండా ఉక్కు వేడికి కాల్చి చూడండి. అది నిలబడితే ఇనుము కొనుక్కోవచ్చు.