ఏడాదికొక్క పరీక్షా, ఏడాదంతా పరిశీలనా: ఏది మేలు?

ఎనిమిదో తరగతి పిల్లాడొకడు బోర్డు మీద 1/2 + 1/3 = 2/5 అని వేశాడు. పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కూడేశాడు. లెక్కలు చెప్పేవాళ్లకు ఇది ఏటా ఎదురయ్యే తప్పే. "సగం చపాతీ నీ దగ్గరుంది, ఇంకో ముక్క నేనిచ్చాను. ఇప్పుడు నీ దగ్గర సగం కంటే తక్కువుంటుందా?" అని అడిగాను. కాసేపు ఆలోచించాడు, తనే చెరిపేశాడు. రెండు నిమిషాల పని. అదే తప్పు ఏడాది చివర జవాబు పత్రంలో దొరికుంటే నేను చేయగలిగేది సున్నా వేయడమే. ఆ తర్వాత వేసవి సెలవులు. వాడు ఆ తప్పును వెంటబెట్టుకునే తొమ్మిదికి వెళ్లేవాడు.

జాతీయ విద్యా విధానం 2020 గురించి మాట వచ్చినప్పుడల్లా నాకు ఈ లెక్కే గుర్తొస్తుంది. 1986 నాటి విధానం తర్వాత 34 ఏళ్లకు, 2020 జులై 29న కేంద్ర కేబినెట్ దీన్ని ఆమోదించింది. కస్తూరిరంగన్ కమిటీ ఇచ్చిన ముసాయిదా దీనికి ఆధారం. బడి చదువును 10+2 బదులు 5+3+3+4 ఏళ్ల అంచెలుగా విడగొట్టడం గురించీ, ఏ భాషలో చెప్పాలన్న దాని గురించీ ఊరూరా చర్చ జరిగింది. పిల్లలకు రోజూ తగిలేది మాత్రం వేరే అధ్యాయం: మూల్యాంకనం. పిల్లలు ఏం గుర్తుపెట్టుకున్నారో ఏడాది చివర లెక్కగట్టడం తగ్గించి, నేర్చుకుంటున్నప్పుడే చూసి సాయపడాలని విధానం అంటోంది. పదో తరగతి, ఇంటర్ పబ్లిక్ పరీక్షలు ఉంటాయి కానీ వాటిని తేలిక చేయాలి, ఏడాదికి రెండు అవకాశాలివ్వాలి అంటోంది. కాబట్టి మన ముందున్నవి మూడు దారులు: ఏడాది చివర ఒకే పెద్ద పరీక్ష, ఏడాది పొడవునా పరిశీలన, రెండుసార్లు రాసుకునే బోర్డు పరీక్ష.

ముందు పాత పరీక్షకు న్యాయం చేయాలి. దాన్ని తిట్టడం ఇప్పుడు అలవాటైపోయింది, కానీ దానిలో ఒక గొప్ప గుణం ఉంది. స్పాట్ వాల్యుయేషన్‌లో పేపరు దిద్దే మాస్టారికి ఆ పిల్ల ఎవరో తెలియదు. కూలి ఇంటి పిల్లా, కాంట్రాక్టరు ఇంటి పిల్లా అక్కడ ఒక్కటే. బాసర, నూజివీడు ట్రిపుల్ ఐటీల్లో పదో తరగతి మార్కుల మీద సీట్లు ఇవ్వడం వల్ల ఎన్నో పల్లెటూరి కుటుంబాల దశ తిరిగింది. ఆ మార్కులను జనం నమ్మారు కాబట్టే అది సాధ్యమైంది.

ఇంకో సంగతి బయటివాళ్లకు అంతగా తెలియదు. పత్తి తీతల కాలంలో మా బడిలో కొందరు పిల్లలు నెల రోజులు కనిపించరు. అలా వెళ్లిన ఒక అమ్మాయి సంక్రాంతి తర్వాత బడికొచ్చి, పట్టుదలగా చదివి, పబ్లిక్‌లో లెక్కల్లో తొంభై దాటింది. చివరి పరీక్ష ఆమెను నవంబరులో ఎక్కడున్నావని అడగలేదు. ఏడాది పొడవునా మార్కులు కూడుకుంటూ వచ్చే పద్ధతిలో అయితే ఆ నెల ఆమె ఖాతాలో ఖాళీగా మిగిలేది. నిరంతర మూల్యాంకనం పేదపిల్లలకు మేలు చేస్తుందని గట్టిగా వాదించే మిత్రులు ఈ ఒక్క విషయం మళ్లీ ఆలోచించాలని నా కోరిక.

అయినా ఒక్క పరీక్ష మీద అంత బరువు పెట్టడం తప్పే. డిసెంబరు వచ్చిందంటే పదో తరగతిలో చదువు ఆగిపోయి పరీక్ష మొదలవుతుంది. పొద్దున స్పెషల్ క్లాసు, సాయంత్రం స్టడీ అవర్, చేతిలో గైడు, నోట్లో 'ఇంపార్టెంట్' ప్రశ్నలు. తొమ్మిదో తరగతిలోనే పదో తరగతి పాఠాలు మొదలుపెట్టే ప్రైవేటు బడులు చాలానే ఉన్నాయి. పేపరు మీద అడగడానికి వీలున్నదే చదువు అయిపోతుంది. ప్రయోగం చేయడం, నలుగురితో కలిసి ఒక సమస్య విప్పడం, నోటితో వివరించడం లెక్కలోకి రావు. దీనికంటే పెద్ద నష్టం మనం 2019లో చూశాం. ఆ ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాక ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఫలితాల ప్రక్రియలో తప్పులు దొర్లాయని విచారణ కమిటీయే చెప్పింది. ఒక పిల్ల భవిష్యత్తంతా ఒకే కాగితం మీద ఆధారపడితే, ఆ కాగితం మీద పడే చిన్న తప్పు కూడా చిన్నది కాదు.

ఇక రెండో దారి. నిరంతర మూల్యాంకనం 2020లో కొత్తగా పుట్టింది కాదు. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యా హక్కు చట్టంలోనే అది ఉంది. అంతకు ముందే సీబీఎస్‌ఈ 2009లో సీసీఈ (నిరంతర సమగ్ర మూల్యాంకనం) మొదలుపెట్టింది, పదో తరగతి బోర్డు పరీక్షను ఐచ్ఛికం చేసింది, 2018లో మళ్లీ తప్పనిసరి చేసింది. మన రెండు రాష్ట్రాల బడుల్లో మధ్యమధ్య చూసే ఎఫ్ఏలు (ఫార్మేటివ్ అసెస్‌మెంట్లు), టర్ము చివర పెట్టే ఎస్ఏలు (సమ్మేటివ్ అసెస్‌మెంట్లు) వచ్చాయి. ఎఫ్ఏలో పిల్లల భాగస్వామ్యానికి కొన్ని మార్కులు, రాత పనికి కొన్ని, ప్రాజెక్టుకు కొన్ని, స్లిప్ టెస్ట్‌కు కొన్ని. కాగితం మీద చూస్తే చాలా మంచి ఆలోచన.

అది తరగతి గదిలోకి వచ్చేసరికి ఏమైందో చెబుతాను, ఎందుకంటే నేనూ అందులో ఉన్నాను. ప్రాజెక్టు అంటే జిరాక్స్ షాపులో దొరికే బొమ్మలు అంటించిన చార్టు అయింది. మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించడానికి గడువు తేదీ వస్తుంది, ఆ ముందు రాత్రి కూర్చుని రిజిస్టరు నింపాల్సి వస్తుంది. ఐదు సెక్షన్లు, సెక్షనుకు నలభై మంది అనుకోండి, రెండు వందల మంది పిల్లలు. ఒక్కొక్కరి గురించి రెండే రెండు నిమిషాలు ఆలోచించినా నాలుగు వందల నిమిషాలు, అంటే ఆరున్నర గంటలు దాటుతుంది. అంత సమయం లేక చేయి అలవాటుగా ఏడు, ఎనిమిది, ఏడు అని రాసుకుంటూ పోతుంది. 1/2 + 1/3 = 2/5 అని వేసిన పిల్లాడికీ అక్కడ పదికి ఏడు పడుతుంది. ఆ ఏడులో వాడి తప్పు ఏమిటో ఎక్కడా కనిపించదు. చివరి పరీక్షలో పడే సున్నా ఎంత మూగదో, ఈ ఏడు కూడా అంత మూగదే.

పదో తరగతికి వచ్చేసరికి ఇది ఇంకా పాడైంది. పబ్లిక్‌కు 80, బడి చేతిలో 20 అన్నారు. బడి పేరు ఫలితాల మీద ఆధారపడినప్పుడు ఆ ఇరవై ఎలా పడతాయో ఊహించడం కష్టం కాదు. అందరికీ ఇరవైకి దగ్గరగా పడుతున్నాయన్న విమర్శ పెరిగి, ఆంధ్రప్రదేశ్ 2019లో ఇంటర్నల్ మార్కులు తీసేసింది. తెలంగాణ 2024 నవంబరులో తీసేస్తున్నట్టు ప్రకటించి, విద్యా సంవత్సరం మధ్యలో వద్దన్న అభ్యంతరాలతో ఆ ఏడాదికి వెనక్కి తగ్గింది. ఇది టీచర్ల నిజాయతీ సమస్య అని కొట్టేయడం సులభం. నాకలా అనిపించదు. పిల్లల తలరాత మార్చే మార్కు చేతిలో పెట్టి, దాన్ని నిష్పక్షపాతంగా వేయమని ఆ పిల్లలను రోజూ చూసే మనిషిని అడగడంలోనే ఇబ్బంది ఉంది.

కొత్త విధానం ఇక్కడ ఒక అడుగు ముందుకు వేసింది. ప్రోగ్రెస్ కార్డును సమగ్రంగా మార్చి, మార్కులతో పాటు పిల్లలు తమ గురించి తాము చెప్పుకునేది, తోటి పిల్లలు చెప్పేది, టీచరు గమనించింది కూడా రాయాలంటోంది. ఇది నాకు నచ్చింది. ఒక పిల్ల "నాకు రేఖాగణితం బొమ్మ గీస్తే అర్థమవుతుంది, చదివితే అర్థం కాదు" అని తన కార్డులో రాసుకుంటే, అది ఏ గ్రేడూ చెప్పలేని సమాచారం. అయితే ఈ కార్డు కూడా టిక్కులు పెట్టే ఇంకో ఫారంగా మారితే పాత కథే మళ్లీ మొదలవుతుంది.

అదే విధానం 3, 5, 8 తరగతుల్లో బడి స్థాయి పరీక్షలు ఉండాలంటోంది. అవి పిల్లలను జల్లెడ పట్టడానికి కావు, బడి ఎక్కడ వెనకబడిందో తెలుసుకోవడానికి. దీనికి పోలిక ఒకటి ఇప్పటికే ఉంది. ఎన్‌సీఈఆర్‌టీ కింద 2023లో ఏర్పాటైన 'పరఖ్' సంస్థ 2024 డిసెంబరులో 3, 6, 9 తరగతుల పిల్లలు 21 లక్షల మందికి పైగా పాల్గొన్న సర్వే నిర్వహించింది. 99 వరకు అంకెలను చిన్నదాని నుంచి పెద్దదానికి, పెద్దదాని నుంచి చిన్నదానికి అమర్చగలిగినవారు మూడో తరగతిలో 55 శాతమే. ఏ ప్రోగ్రెస్ కార్డులోనూ ఇంత చేదు నిజం నేను చూడలేదు. ఆ సర్వేతో ఏ పిల్లా పాస్ కాదు, ఫెయిల్ కాదు, ఏ టీచరు పేరూ బయటికి రాదు. అందుకే అందులో నిజం బయటపడింది.

మూడో దారి, రెండుసార్లు బోర్డు పరీక్ష. సీబీఎస్‌ఈ దీన్ని 2026 నుంచి పదో తరగతిలో మొదలుపెట్టింది. ఫిబ్రవరిలో జరిగేది అందరూ రాయాలి. మేలో జరిగేది ఐచ్ఛికం, మూడు సబ్జెక్టుల వరకు మార్కులు పెంచుకోవచ్చు. తెలుగువాళ్లకు ఇది మరీ కొత్తగా అనిపించదు. ఇంటర్ ఫస్టియర్‌లో మార్కులు తగ్గినవాళ్లు ఇంప్రూవ్‌మెంట్ రాసుకోవడం మన ఇళ్లల్లో ఎప్పటినుంచో ఉన్నదే. జేఈఈ మెయిన్ కూడా 2019 నుంచి ఏడాదికి ఒకటికంటే ఎక్కువ విడతలుగా జరుగుతోంది, మెరుగైన స్కోరే తీసుకుంటున్నారు. రెండో అవకాశం ఉందని తెలిస్తే పరీక్ష హాల్లో చేతులు వణకడం తగ్గుతుంది. టెన్షన్ తగ్గించడం వరకు ఇది మంచి పనే, కాదనను.

కానీ దీని నుంచి అంతకు మించి ఆశించకూడదు. మొదటి పరీక్షలో మూడు, అంతకంటే ఎక్కువ సబ్జెక్టులకు హాజరు కాని పిల్లలను రెండోదానికి రానివ్వరు. ఫిబ్రవరిలో టైఫాయిడ్‌తో మంచం పట్టి మూడు పేపర్లు తప్పిపోయిన పిల్లకు మే అవకాశం అందదు. పైగా రెండోసారీ అడిగేది అదే తరహా పేపరు అయితే, మార్చి, ఏప్రిల్ నెలలు కూడా కోచింగ్‌కే పోతాయి. కోచింగ్‌కు డబ్బు కట్టగలిగిన ఇంట్లో రెండో అవకాశం ఒకలా పనిచేస్తుంది, కట్టలేని ఇంట్లో మరోలా. ప్రశ్న మారకుండా ఎన్నిసార్లు అడిగినా చదువు మారదు. విధానంలో 'రెండుసార్లు' అన్న మాట పక్కనే, నెలల తరబడి కోచింగ్ లేకుండా, బట్టీ లేకుండా రాయగలిగేలా ప్రశ్నలు మార్చాలన్న మాట కూడా ఉంది. ఆ రెండో మాట మొదటిదానికంటే ముఖ్యం, అమలులో వెనకబడుతున్నదీ అదే.

డిటెన్షన్ గురించి, అంటే ఫెయిలైన పిల్లలను అదే తరగతిలో ఆపేయడం గురించి కూడా చాలామంది అడుగుతారు. ఎనిమిది వరకు ఎవరినీ ఆపకూడదన్న నియమాన్ని 2019 సవరణ సడలించి, 5, 8 తరగతుల నిర్ణయం రాష్ట్రాలకు వదిలేసింది. 2024 డిసెంబరులో కేంద్రీయ విద్యాలయాలు, నవోదయల్లాంటి కేంద్ర ప్రభుత్వ బడుల్లో ఆపే వీలు తెచ్చారు. ఫెయిలైతే రెండు నెలల్లో ఇంకో పరీక్ష ఉంటుంది. నా దృష్టిలో ఆ రెండు నెలల్లో ఆ పిల్లలకు ఎవరు, ఏం చెబుతారన్నదే అసలు విషయం. అది లేకుండా ఆపినా, ఆపకుండా పంపినా పిల్లలకు ఒరిగేది లేదు.

ఇంతకీ ఏది మేలు? నా జవాబు ఇది. నేర్చుకోవడానికి ఏడాది పొడవునా పరిశీలనే మేలు, అందులో నాకు అనుమానం లేదు. కానీ దానికి మార్కులు ఉండకూడదు. ఎఫ్ఏ మార్కులు తుది ఫలితంలో కలపడం పూర్తిగా ఆపేయాలి. సర్టిఫికెట్ ఇవ్వడానికి, సీటు ఇవ్వడానికి బయటివాళ్లు దిద్దే పబ్లిక్ పరీక్షే ఉండాలి, అది ఇప్పటికంటే తేలిగ్గా, ఆలోచించి రాసేలా, రెండుసార్లు. ఒకటి టీచరు పని, ఇంకోటి బోర్డు పని. ఈ రెంటినీ ఒకే గాటన కట్టినప్పుడల్లా రెండూ చెడ్డాయి.

మార్కులు లేకపోతే పిల్లలు చదవరు, తల్లిదండ్రులు పట్టించుకోరు అని తోటి మాస్టార్లు అంటారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. కానీ పేరెంట్స్ మీటింగులో ఒక అమ్మతో "మీవాడికి పదికి ఏడు" అంటే సరేనని తలూపి వెళ్లిపోయింది. ఇంకో నెలలో అదే అమ్మతో "మీవాడు భిన్నాలు కూడేటప్పుడు కిందివాటిని కూడా కూడేస్తున్నాడమ్మా, రోజుకు రెండు లెక్కలు నా దగ్గర చేయమనండి" అంటే, ఆమె వాడి నోట్‌బుక్ తీసి ఆ పేజీ చూపించమంది. తనకు చదువు రాదు. అయినా కొడుకు ఎక్కడ తడబడుతున్నాడో చూడాలనుకుంది.

దీనికి ఖర్చు లేకపోలేదు. నేను చెప్పిన ఆరున్నర గంటలు ఎక్కడి నుంచో రావాలి. రిజిస్టర్లు, యాప్‌లు, ఫొటోలు ఎక్కించే పని తగ్గించి ఆ సమయం టీచరుకు తిరిగివ్వాలి. ప్రైమరీలో ముప్పై మందికి ఒక టీచరు అని చట్టంలో ఉన్నది ప్రతి బడిలోనూ నిజం కావాలి. అప్పటివరకు నేను పెట్టుకున్న చిన్న ఏర్పాటు ఒకటుంది. వారానికి ఒక సెక్షను మాత్రమే తీసుకుంటాను. ఒక్కో పిల్లవాడి లెక్కల నోట్‌బుక్ చివరి పేజీలో ఒకే ఒక వాక్యం రాస్తాను: వాడికి ఏది వచ్చింది, ఏది ఇంకా రాలేదు. అంకె వేయను. ఐదు వారాలకు మళ్లీ మొదటి సెక్షనుకు వస్తాను. జూన్‌లో పిల్లలు పై తరగతికి వెళ్లేటప్పుడు ఆ పేజీ చింపి కొత్త మాస్టారికి ఇమ్మంటాను. మొన్న తొమ్మిదో తరగతి లెక్కల మేడమ్ ఆ కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టుకుని నా దగ్గరికి వచ్చి, భిన్నాలు రాని పదకొండు మందికి మొదటి వారంలోనే విడిగా క్లాసు పెట్టానని చెప్పారు.