01 చొక్కా కోసం సావో పాలో దాకా

స్కూలు జట్టులో నేను గోల్‌కీపర్‌ని. గోల్ కొట్టడం మన పని కాదని మాకు మొదటి రోజే చెప్పేవారు. అందుకే 01 నంబరు చొక్కా వేసుకుని ఆడిన, 131 గోల్స్ కొట్టిన సావో పాలో క్లబ్ గోల్‌కీపర్ రోజేరియో సెని మైదానం చూడాలని ఏళ్లుగా అనుకుంటున్నాను. పని మీద బ్రెజిల్ వెళ్లినప్పుడు సావో పాలోలో మూడు రోజులు ఎక్కువ ఉండిపోయాను.

స్టేడియానికి దగ్గరని మొరుంబీ ప్రాంతంలోనే గది తీసుకోవడం పొరపాటయింది. అంతా ఎత్తైన ప్రహరీల ఇళ్లు, చీకటి పడితే నడిచే మనిషి కనిపించడు. శాకాహారినని ముందే రాసినా పొద్దున పంది మాంసం పెట్టిన రొట్టె ఇచ్చారు. మర్నాడే పిన్యేరోస్‌కు మారాను. వీధి చివరే మెట్రో, మూల మీద బేకరీ. కర్రపెండలం పిండి, చీజ్ కలిపి చేసే వేడి వేడి పావ్ జి కేజో తింటే మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు. పసుపు లైనులో సావో పాలో-మొరుంబీ స్టేషన్ దిగి ఇరవై నిమిషాలు నడిస్తే స్టేడియం వస్తుంది.

పకాయెంబు స్టేడియం మెట్ల కింద ఉన్న ఫుట్‌బాల్ మ్యూజియం కూడా చూశాను. చీకటి గదిలో తెరల మీద తేలే ఆటగాళ్ల బొమ్మలు బాగున్నాయి. సోమవారం సెలవు. ఒక్క పూటే ఉంటే మాత్రం నేను మొరుంబీ స్టేడియానికే వెళ్తాను.

అక్కడ గైడ్ మాట్లాడింది పోర్చుగీసే అయినా కప్పుల గదిలో భాష అడ్డు రాలేదు. సావో పాలో క్లబ్ గెలిచిన మూడు లిబెర్టడోరెస్ (దక్షిణ అమెరికా క్లబ్‌ల టోర్నీ) కప్పుల్లో 2005 నాటిది సెని నాయకత్వంలో గెలిచింది. ఆ డిసెంబరులోనే యోకోహామాలో లివర్‌పూల్‌పై 1-0తో ప్రపంచ క్లబ్ కప్పు. ఆ ఫైనల్‌లో అతను గోల్ కొట్టలేదు, లివర్‌పూల్ ఆటగాడు జెరార్డ్ ఫ్రీకిక్‌ను గాలిలోకి ఎగిరి ఆపాడు. నాకు అతని గోల్స్ అన్నింటికన్నా ఇష్టమైనది అదే.

సెనిని ఫ్రీకిక్‌లు కొట్టనిచ్చినది కోచ్ మురిసీ రమాల్యో. మొదటి గోల్ 1997 ఫిబ్రవరి 15న అరారస్‌లో పడింది. 2006 ఆగస్టులో క్రుజేరోపై జట్టు 0-2తో వెనకబడితే, ఒక పెనాల్టీ ఆపి, తానే రెండు గోల్స్ కొట్టి మ్యాచ్ సమం చేశాడు. గోల్‌కీపర్లలో అత్యధిక గోల్స్ కొట్టిన పరాగ్వే గోల్‌కీపర్ చిలావెర్ట్ రికార్డు ఆ రోజే దాటాడు. వందోది 2011 మార్చిలో బద్ధశత్రువు కొరింథియన్స్ మీద. అది ఇక్కడ కాదు, బరుయెరీలో.

గడ్డి మీద అడుగు పెట్టనివ్వరు. పక్కగీత బయట నిలబడి అవతలి పెనాల్టీ బాక్స్ అంచును చూశాను. సెని కొట్టిన ఫ్రీకిక్ గోడగా నిలబడిన ఆటగాళ్లకు తగిలి వెనక్కి వస్తే, అతను అక్కడి నుంచి తన ఖాళీ గోల్ దాకా పరుగెత్తాలి. ఆ దూరం ఎంతో తెలుసుకోవాలని గీత వెంబడే అడుగులు లెక్కపెడుతూ నడిచాను. తొంభై దాటాక గైడ్ పిలిచాడు. గోల్ ఇంకా దూరంగానే ఉంది.